హెడ్‌మాస్టర్ సార్ వెనక బెంచీలో కూర్చోవాలి

నార్కట్‌పల్లి మండలంలో ఒక ప్రాథమిక పాఠశాల. ఊరి పేరు రాయను. రాస్తే ఆ టీచరమ్మకు సన్మానం జరుగుతుందో, మెమో వస్తుందో చెప్పలేం.

మూడో తరగతి పిల్లాడు పలక మీద 52లోంచి 27 తీసేసి 35 అని రాశాడు. ఏడులో రెండు పోతే ఐదు, ఐదులో రెండు పోతే మూడు. పైనున్నా కిందున్నా పెద్ద అంకెలోంచి చిన్నది తీసేయడమే వాడి దృష్టిలో తీసివేత. టీచరమ్మ తప్పు అనలేదు. పదేసి చీపురు పుల్లల కట్టలు ఐదు, విడి పుల్లలు రెండు వాడి ముందు పెట్టి, ‘నాకు ఇరవై ఏడు ఇయ్యిరా’ అంది. రెండు కట్టలిచ్చాడు. విడి పుల్లలు రెండూ ఇచ్చాడు. అక్కడ ఆగాడు. ఆమె మొహం వంక చూశాడు, మిగిలిన కట్టల వంక చూశాడు. ‘టీచర్, గిది ఇప్పాల్నా?’ ‘ఇప్పు’ అంది. ఐదు నిమిషాల పని. ఇక ఆ పిల్లాడికి తీసివేత ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఈ పాఠం చూడాల్సిన మనిషి, హెడ్‌మాస్టర్ సార్, అప్పుడు పక్కగదిలో ఉన్నారు. మధ్యాహ్న భోజనంలో గుడ్ల లెక్క యాప్‌లో ఎక్కిస్తున్నారు. సిగ్నల్ అందక ఫోన్ పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డారు.

నా కోపం ఆయన మీద కాదు. ఆయన్ని గుమాస్తాను చేసి, ఆ తర్వాత నాయకత్వ శిక్షణ ఇస్తున్న వ్యవస్థ మీద. ఆ శిక్షణల్లో చార్టులుంటాయి, లక్ష్యాలుంటాయి, చివర్న గ్రూప్ ఫొటో ఉంటుంది. తరగతి గది ఒక్కటే ఉండదు. న్యూజిలాండ్ పరిశోధకురాలు వివియన్ రాబిన్సన్ బృందం 2008లో ఒక లెక్క తేల్చింది. బడి పెద్ద చేసే పనుల్లో పిల్లల చదువుకు అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చేది టీచర్లతో కలిసి తానూ నేర్చుకోవడం. లక్ష్యాలు పెట్టడం, వనరులు సమకూర్చడం లాంటి మిగతా పనులేవీ దాంట్లో సగాన్ని దాటలేదు. గోడలకు రంగులు వేయించి బడి బాగుపడిందనుకునేవాళ్లు ఈ లెక్క చూడాలి.

నేను ఎప్పటినుంచో మొత్తుకుంటున్నది ఒకటే. ప్రధానోపాధ్యాయుడు రోజుకు ఒక పీరియడైనా ఎవరో ఒకరి తరగతిలో వెనక బెంచీలో కూర్చోవాలి. టీచర్ని కాదు, పిల్లల నోటుబుక్కుల్ని చూడాలి. ఎవరు రాస్తున్నారు, ఎవరు పక్కవాడిది చూసి రాస్తున్నారు, ప్రశ్న అడిగితే ఎప్పుడూ లేచే చేతులేవి, ఎన్నడూ లేవని చేతులేవి. బయటికొచ్చాక టీ తాగుతూ ఒక్క విషయం మాట్లాడాలి, పది కాదు. మర్నాడు తాను పాఠం చెబుతుంటే ఆ టీచర్‌ను వెనక కూర్చోబెట్టాలి. తాను చెప్పిన పాఠం తేలిపోతే ఇంకా మంచిది, ఆ రోజు నుంచి స్టాఫ్ రూమ్‌లో అందరూ నిజం మాట్లాడతారు.

తెలంగాణ సర్కారు బడుల్లో 2022 ఆగస్టు 15న మొదలైన ‘తొలిమెట్టు’ కార్యక్రమం ఉద్దేశం సరిగ్గా ఇదే: ఏ పిల్లాడు ఎక్కడ ఆగిపోయాడో చూసి అక్కణ్నుంచి చెప్పడం. అవసరమూ ఉంది. పిల్లల చదువుల మీద ఆ ఏడాది జరిగిన అసర్ సర్వేలో మన గ్రామాల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు నూటికి ఐదారుగురే. కానీ ఆచరణలో అది మార్కులు ఎక్కించే మరో పనిగా మారింది. అడిగే నాథుడేడీ? మండల విద్యాధికారి (ఎంఈవో) పోస్టులు ఏళ్ల తరబడి ఇన్‌చార్జీల మీదే నడుస్తున్నాయి. ఒక హైస్కూలు హెడ్‌మాస్టరే తన బడి చూసుకోవాలి, మండలమూ చూసుకోవాలి. రెండు పడవల మీద కాళ్లు. 2025 ఆగస్టు నుంచి టీచర్లు మొహం చూపిస్తేగాని హాజరు పడటం లేదు. బడికి వచ్చారో లేదో యంత్రం చెబుతుంది, బాగానే ఉంది. వచ్చి ఏం చెప్పారో ఎవరు చెబుతారు?

పిల్లాడు ఆగిపోయిన చోట సార్ పక్కనే ఉండటం మన ఉమ్మడి నల్లగొండ జిల్లాకు కొత్త కాదు. చౌటుప్పల్ నుంచి నారాయణపురం దారి పడితే సర్వేల్ వస్తుంది. 1971 నవంబర్‌లో పి.వి. నరసింహారావు అక్కడ గురుకులం ప్రారంభించారు. పంతుళ్లు, పిల్లలు ఒకేచోట ఉండే బడి. రాత్రి లెక్క తెగని పిల్లాడికి సార్ పిలిస్తే పలికే దూరంలో ఉండేవారు. గొప్ప ఆలోచన. కానీ ఇవాళ రాష్ట్రంలో గురుకులాలు వెయ్యి దాటాయి. ప్రతి ఎన్నికకూ కొన్ని పెంచుతూ ఊళ్లో బడిని గాలికి వదిలేశాం. గురుకులంలో సీటు రాని పిల్లలు ప్రైవేటు బస్సెక్కుతున్నారు. పొద్దున్నే నార్కట్‌పల్లి చౌరస్తాలో నిలబడితే పసుపుపచ్చ బస్సులు వరసగా కనిపిస్తాయి. ఫీజుకు అప్పు చేసిన తల్లులు వాటి పక్కనే కూలికి ఆటో ఎక్కుతుంటారు. ఊరి బడిలో పిల్లలు తగ్గారని పోస్టులు తగ్గిస్తారు, పోస్టులు తగ్గాయని ఉన్న పిల్లలూ పోతారు. పుల్లల కట్ట విప్పించిన ఆ టీచరమ్మ దగ్గర కూడా ఒకే గదిలో రెండు తరగతులున్నాయి.

ఎంఈవోలను నియమించమని సర్కారును అడుగుతూనే ఉందాం. ఈలోగా ఊరి బడి పనులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల్లో ఉన్న అక్కలకు ఒక మనవి. వచ్చే సమావేశంలో బాత్‌రూముల సంగతి, కరెంటు సంగతి అయ్యాక ఇంకొక్క మాట అడగండి: ‘సార్, ఈ నెల మీరు ఎన్ని క్లాసులల్ల కూసున్నరు?’ జవాబు ఎంతైనా సరే, రిజిస్టర్‌లో రాయించండి.