పీటర్ ఫ్లోరిస్‌కి హారతులు ఎందుకు?

మన కోస్తా జిల్లాల స్థానిక చరిత్ర రాసేవారిలో ఒక ధోరణి పాతుకుపోయింది. బందరు, పాలకొల్లు, నరసాపురం పేర్లు వచ్చేసరికి వారి కలం డచ్చివారి సమాధుల ముందు ఆగి నమస్కారం పెడుతుంది. సప్త సముద్రాలు దాటివచ్చిన సాహసికులనీ, మన నేతపనిని లోకానికి పరిచయం చేసిన మహానుభావులనీ కీర్తిస్తుంది. నల్లజర్లలోనో ఏలూరులోనో ఆ పుస్తకం చదివిన కుర్రవాడికి చివరికి మిగిలేది ఒక్కటే: ఓడ దిగినవాడిది చరిత్ర, వాడికి బట్ట నేసి ఇచ్చినవాడిది కాదు. యీ అభిప్రాయం ఎంత తప్పో, వారు పొగిడే మనుషులలో ఒకడి జీవితమే చెబుతుంది.

పీటర్ ఫ్లోరిస్ డచ్చి వర్తకుడు. మొదట డచ్చి తూర్పు ఇండియా కంపెనీ కొలువులో యీ తీరాన పనిచేశాడు. యిక్కడి బట్టల రకాలూ ధరలూ, ఏ రేవులో ఏ అద్దకం చెల్లుతుందో ఆ కొలువులోనే నేర్చుకున్నాడు. తరవాత ఆ తెలివిని ఇంగ్లీషు కంపెనీకి అమ్ముకున్నాడు. 1611లో 'గ్లోబ్' అనే ఓడ మీద తిరిగి వస్తే, పులికాట్‌లో అతని పాత యజమానులే అడ్డుపడ్డారు. విజయనగర రాజు కౌలు తమకే వుంది, మరొకరు వ్యాపారం చేయరాదన్నారు. స్వేచ్ఛా వాణిజ్యాన్ని తూర్పు దేశాలకు తెచ్చారని మనవాళ్ళు మురిసిపోయే పెద్దమనుషులు వీరే. ఫ్లోరిస్ అక్కడినుంచి పెదపల్లి అనబడే నిజాంపట్నానికీ, బందరుకీ చేరాడు.

సరిగ్గా ఆ కాలంలోనే భూగోళానికి అవతలి పక్క ఏం జరుగుతోందో చూడండి. హడ్సన్ అనే ఇంగ్లీషువాడు డచ్చి కంపెనీ జీతం తీసుకుని 1609లో అమెరికాలోని ఒక పెద్దనదిలోకి ఓడ నడిపాడు. అతని వెనక ఏడ్రియన్ బ్లాక్ వంటి డచ్చి వర్తకులు బీవర్ అనే నీటిజంతువు తోళ్ళకోసం వెళ్ళారు. యూరపులో టోపీలకు ఆ బొచ్చు కావాలి. 1614లో డచ్చి ప్రభుత్వం ఆ తోళ్ళ వర్తకుల కూటమికి మూడేళ్ళ గుత్తహక్కు రాసి ఇచ్చింది. డచ్చివాడు ఇంగ్లీషువాడికీ, ఇంగ్లీషువాడు డచ్చివాడికీ పనిచేశారు. జెండా ఏదైతేనేం, పెట్టుబడి పనే చేశారు. అక్కడ తోలు, యిక్కడ అద్దకపు బట్ట. అక్కడ జంతువును పట్టి తోలు తెచ్చిన ఆదివాసి, యిక్కడ చిరువేరుతో ఎర్రరంగు పట్టించిన అద్దకపువాడు. యిద్దరికీ ఆ వర్తకుల జీవితచరిత్రల్లో పేరు లేదు.

"అయినా సాహసి కాడా?" అంటారు. సాహసమే. కాని దేన్ని కనిపెట్టాడు? పర్షియాకీ అరకాన్‌కీ మలయాకీ వెళ్ళే ఓడలకు బందరు దారి అప్పటికే తెలుసు. 1614లో అతని ఓడ మరమ్మతు కోసం నరసాపురం దగ్గర గోదావరి పాయలోకి వచ్చింది. సముద్రాలు దాటిన ఓడను మళ్ళీ సముద్రానికి పనికివచ్చేట్టు చేయగల రేవు మన గోదావరి ముఖాన వుందన్న మాట! ఆ రేవునీ, ఆ పనితనాన్నీ ఫ్లోరిస్ కనిపెట్టలేదు, వాడుకున్నాడు.

"నేతగాడికి బజారు చూపించాడు కదా" అన్నది రెండోమాట. బజారు ఎవరికి లాభించిందో లెక్కలు వున్నాయి. యిక్కడ బయానా ఇచ్చి, నమూనాల ప్రకారం చేయించిన బట్ట పటానీలోనూ సయాంలోనూ అమ్ముడయింది. ఆ ప్రయాణం మీద కంపెనీ వాటాదారులకు వచ్చిన లాభం నూటికి 218. అందులో మగ్గం దగ్గరికి ఎంత చేరిందో లండన్ లెక్కల్లో వెతకడం దండగ. బయానా తీసుకున్నవాడు ఆ సరుకు ముగిసేదాకా బయానా ఇచ్చినవాడికి కట్టుబడి వుండవలసిందే. యీనాటికీ మన చేనేత కార్మికులలో ఎందరో మాస్టర్ వీవర్ దగ్గర నూలు తెచ్చుకుని కూలికి నేస్తున్నారు. కంపెనీ పోయింది, ఆ సంబంధం పోలేదు.

ఇక బందరు అధికారి నూటికి 4 సుంకమని కౌలిచ్చి, తరవాత 12 అడిగాడని ఫ్లోరిస్ ఫిర్యాదు. నిజమే కావచ్చు. గోల్కొండ రాజ్యంలో రేవుల అధికారం ఇజారాకి పోయేది. ఎక్కువ పాడుకున్నవాడు ఎక్కువ పిండుకోవాలి. కుతుబ్‌షాహీ పాలకులను నేను వెనకేసుకు రావడంలేదు. వర్తకుడూ ఇజారాదారూ పోట్లాడుకున్నది పంపకం దగ్గర. పంచుకున్న సొమ్ము మాత్రం పనిచేసేవాడిది.

యీ వర్తకుడి మర్యాద ఎంతటిదో 1614 చివర తేలింది. రావలసిన బాకీ రాలేదని అధికారి కొడుకును పట్టుకుని ఓడ ఎక్కించాడు. దినచర్యలో రాసిన తీరు చూస్తే ఆ కుర్రవాడి పేరు వెంకటాద్రి కావాలి. అతడు ఓడ మీద అన్నం ముట్టకుండా పస్తున్నాడు. ఆ సంగతి ఫ్లోరిస్ తానే రాసుకున్నాడు. యిదే పని మనవాడు చేస్తే బందిపోటుతనం, తెల్లవాడు చేస్తే వ్యవహారదక్షతా? యిదింకా ఒక్క ఓడవాడి బలం. బలం పెరిగాక ఏం చేస్తారో 1621లో బాందా దీవులు చూశాయి. జాజికాయ గుత్తకోసం డచ్చి కంపెనీ అక్కడి జనాన్ని వేలసంఖ్యలో చంపింది, మిగిలినవారిని బానిసలుగా తరిమింది. తోళ్ళ వర్తకం సాగిన గడ్డమీద 1643లో డచ్చి పాలకులు నిద్రపోతున్న ఆదివాసులను ఊచకోత కోయించారు.

మూడోమాటలో కొంత నిజం వుంది. ఫ్లోరిస్ దినచర్య లేకపోతే ఆ రోజుల రేవుల సంగతి మనకు యింత తెలియదు. ఆ పుస్తకాన్ని తప్పక చదవాలి. కాని కోర్టులో వాది చెప్పిన సాక్ష్యం వాది సాక్ష్యమే, తీర్పు కాదు. బాకీ అని అతడు రాసినచోట ఆ సరుకు ఎవరు నేశారని అడగాలి. ఓడ బాగయింది అన్నచోట కలప ఎవరు మోశారని అడగాలి. ఫ్లోరిస్ 1615లో లండన్ చేరి ఆ యేడే చనిపోయాడు. అతనికి యిప్పుడు మన హారతులు అక్కర్లేదు. డచ్చి సమాధులను పదిలంగా వుంచండి, కాదనం. వాటి మీది పేర్లే యీ జిల్లా చరిత్ర అని మాత్రం పిల్లలకు నేర్పకండి.