ఆటకూ కూలి కావాలి

"ఆటలు అన్నం పెడతాయా?" అనే మాట వినకుండా పెరిగినవాళ్ళు మన హాస్టల్లో ఒక్కరూ ఉండరు. ఆ మాట అన్నందుకు మన అమ్మానాన్నలను తప్పుపట్టాల్సిన పని లేదు. పొద్దున లేస్తే కూలికి పోయే ఇంట్లో బిడ్డ గడిపే ప్రతి పూటకూ లెక్క ఉంటుంది. ఆదివారం పత్తి చేనికి పోతే ఎంతో కొంత చేతికి వస్తుంది. టోర్నమెంటుకు పోతే మోకాలు చీరుకుని ఇంటికి వస్తాడు. కాబట్టి ఆ ప్రశ్న న్యాయమైనదే. అయితే దానికి జవాబు చెప్పాల్సింది ఆడే పిల్లలు కాదని, ఆడించే సమాజమూ ప్రభుత్వమూ చెప్పాలని నా అభిప్రాయం.

మనకు బాగా తెలిసిన ఆటనే తీసుకుందాం. మన పల్లెల్లో చెడుగుడు అనే కబడ్డీకి బ్యాటు అక్కర్లేదు, బంతి అక్కర్లేదు. గీత గీసుకుని, ఊపిరి బిగబట్టి కూతకు పోవడమే. అందుకే అది పేదల ఆట అయింది. అలాంటి ఆట 1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో చోటు సంపాదించింది. 2014లో ప్రో కబడ్డీ లీగ్ మొదలయింది. ఆ తొలి వేలంలో అందరికంటే ఎక్కువ ధర పలికిన రాకేశ్ కుమార్‌కు దక్కింది 12 లక్షల 80 వేల రూపాయలు. 2018లో మోనూ గోయత్ కోటి దాటి 1 కోటి 51 లక్షలకు చేరాడు. 2023లో మన పేరు పెట్టుకున్న తెలుగు టైటాన్స్ జట్టు పవన్ సెహ్రావత్‌కు 2 కోట్ల 60 లక్షల 50 వేలు పెట్టింది. చెడుగుడు అన్నమే కాదు, మేడలు కూడా కట్టించగలదని దీన్నిబట్టి తెలుస్తోంది.

కానీ ఆ అంకెను మాత్రమే చూసి మురిసిపోతే మోసపోతాం. అదే పవన్ సెహ్రావత్‌ను అంతకుముందు ఏడాది, అంటే 2022లో, తమిళ్ తలైవాస్ జట్టు 2 కోట్ల 26 లక్షలకు తీసుకుంది. ఆ సీజన్ మొదటి మ్యాచ్‌లోనే ఆయన మోకాలు దెబ్బతింది. ఆ ఏడాది ఇక కోర్టులో దిగలేదు. మంచి వైద్యం, కోలుకునేందుకు సమయం దొరికాయి కాబట్టి తిరిగి లేచాడు. 2023లో జరిగిన హాంగ్జౌ ఆసియా క్రీడల్లో భారత జట్టు నాయకుడిగా స్వర్ణం తెచ్చాడు. అదే దెబ్బ మన కోసిగి కుర్రాడికో, జమ్మలమడుగు కుర్రాడికో పండగ టోర్నమెంటులో తగిలితే? పసుపు రాసి గుడ్డ కట్టుకోవడమే. ఆ మోకాలితో ఆట పోతుంది, కూలి పని కూడా పోతుంది. ఒళ్ళే పెట్టుబడిగా ఉన్న వాడికి దెబ్బ తగలడమంటే పెట్టుబడి మునిగిపోవడమే.

మిత్రులారా, ఈ సమస్య మనకు కొత్త కావచ్చు గాని ప్రపంచానికి కొత్త కాదు. ఇంగ్లండులో రగ్బీ లీగ్ అని ఒక ఆట ఉంది. జట్టుకు 13 మంది. బంతి పట్టుకుని దూసుకుపోయేవాణ్ణి ఎదుటివాళ్ళు మీదపడి పట్టి పడేస్తారు. మన కబడ్డీ పట్టు తెలిసినవాడికి అది వెంటనే అర్థమవుతుంది. ఆ ఆట పుట్టిందే కూలి తగాదాతో. ఉత్తర ఇంగ్లండులో రగ్బీ ఆడేవాళ్ళలో చాలామంది బొగ్గు గని కార్మికులు, మిల్లు కార్మికులు. మ్యాచ్ కోసం పని మానుకుంటే ఆ పూట జీతం పోయేది. పోయిన కూలి ఇప్పించమని 1893లో అడిగితే, ఆటను నడిపే పెద్దమనుషులు కాదన్నారు. డబ్బు తీసుకుంటే ఆట పవిత్రత చెడుతుందన్నారు. రోజు గడవడానికి ఇబ్బంది లేనివాళ్ళు చెప్పే నీతి ఎప్పుడూ ఇలాగే ఉంటుంది. చివరికి 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్ పట్టణంలోని జార్జ్ హోటల్లో ఉత్తరాది క్లబ్బులు సమావేశమై విడిపోయాయి. పని పోగొట్టుకున్న ఆటగాడికి రోజుకు 6 షిల్లింగుల వరకు ఇవ్వవచ్చని తీర్మానించుకున్నాయి. 1898లో ఆడినందుకే జీతం ఇవ్వడానికి ఒప్పుకుంటూ ఒక షరతు పెట్టాయి. ఆటగాడికి బయట ఇంకో పని కూడా ఉండాలి. ఆ షరతు గురించి మళ్ళీ చెబుతాను.

ఆ ఆటలో పేరు తెచ్చుకున్నవాళ్ళలో బిల్లీ బోస్టన్ జీవితం మనం తెలుసుకోదగినది. 1934లో కార్డిఫ్ ఓడరేవు పక్కన టైగర్ బే అనే పేదల వాడలో పుట్టాడు. తండ్రి ఆఫ్రికాలోని సియెర్రా లియోన్ నుంచి వచ్చినవాడు. పదకొండు మంది పిల్లల ఇల్లు. సొంత వేల్స్ రగ్బీ జట్టులో నల్లవాడికి చోటు దొరకడం కష్టమైన రోజులవి. 1953లో విగన్ అనే రగ్బీ లీగ్ క్లబ్బులో చేరాడు. ఆ క్లబ్బుకు 478, మొత్తం జీవితంలో 571 ట్రైలు సాధించాడు. 1957లో బ్రిటన్ జట్టు ప్రదర్శన మ్యాచ్‌ల కోసం దక్షిణాఫ్రికాలో ఆగినప్పుడు, అక్కడి వర్ణవివక్ష కారణంగా బోస్టన్ మాత్రం జట్టును వదిలి ఇంటికి రావలసి వచ్చింది. ఆట ముగిశాక విగన్‌లోనే ఒక పబ్బు నడుపుకుని బతికాడు. 2025లో, తొంభై ఏళ్ళ వయసులో, ఆయనకు సర్ బిరుదు ఇచ్చారు. రగ్బీ లీగ్ ఆటగాళ్ళలో ఆ బిరుదు పొందిన మొదటివాడు ఆయనే. నూట ముప్పై ఏళ్ళలో ఒక్క కార్మికుల ఆటగాడూ రాజుగారి కంట పడలేదన్నమాట!

అంత దూరం ఎందుకు? మన దేశంలోనే పల్వంకర్ బాలూ అనే దళిత బౌలర్ 1911 ఇంగ్లండు పర్యటనలో వందకు పైగా వికెట్లు తీశాడు. అయినా హిందూ జట్టుకు ఆయనను కెప్టెన్‌గా చేయలేదు. 1923లో ఆయన తమ్ముడు విఠల్‌కు ఆ గౌరవం దక్కింది. ప్రతిభ ఒక్కటే చాలదని, దాన్ని గుర్తించే మనసు, నిలబెట్టే ఏర్పాటు కావాలని ఈ రెండు జీవితాలూ చెబుతున్నాయి.

ఇక మన సంగతి చూద్దాం. తెలుగు టైటాన్స్ పేరు నిలబెట్టిన రాహుల్ చౌదరి ఉత్తరప్రదేశ్ వాడు, సిద్ధార్థ్ దేశాయ్ మహారాష్ట్ర వాడు, పవన్ ఢిల్లీ వాడు. వాళ్ళు రావడం మనకు గర్వమే. మరి కర్నూలు, కడప పిల్లలు ఎక్కడ? మన రక్తంలో సత్తువ లేదా? ఢిల్లీ శివారులోని నిజాంపూర్ అనే ఒక్క ఊరి నుంచే రాకేశ్ కుమార్, మంజీత్ చిల్లర్ వచ్చారు. చూసి నేర్చుకోవడానికి ఒక అన్న, రోజూ ఆడే చోటు, ఆడితే రైల్వేలో ఉద్యోగం వస్తుందన్న నమ్మకం ఉంటే ఒక ఊరు చాలు. మన పిల్లలు వట్టి కాళ్ళతో మట్టిలో ఆడి, జిల్లా పోటీల్లో మొదటిసారి మ్యాట్ మీద అడుగు పెడతారు. కాలు జారేది అక్కడే.

ఏర్పాటు ఉంటే మన పిల్లలు ఏం చేయగలరో చూశాం. 2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. తిండి, శిక్షణ, ఖర్చు ప్రభుత్వం చూసుకుంది కాబట్టే అది సాధ్యమయింది. మన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి 2025లో ప్రపంచ కప్పు గెలిచిన భారత మహిళా క్రికెట్ జట్టులో ఉంది. అయితే కబడ్డీ ఆడే మన చెల్లెళ్ళకు ఆ దారి కూడా లేదు. 2016లో మూడు జట్లతో ఒక మహిళల పోటీ పెట్టారు గాని, మగవాళ్ళ లీగులా అది ఏటేటా నిలబడలేదు.

అందుకే మన హాస్టళ్ళ తరఫున కొన్ని కోరికలు. సబ్బుకు, నూనెకు కాస్మెటిక్ చార్జీలని ఒక పద్దు ఉన్నట్టే, ఆట బూట్లకు, మోకాలి పట్టీలకు ఒక పద్దు పెట్టాలి. ఆడే పిల్లలకు అదనంగా గుడ్డు, పాలు ఇవ్వాలి. దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు పోటీ పెట్టినవాళ్ళు భరించాలి. పోటీలకు పోయిన రోజుల పాఠాలు తిరిగి చెప్పించాలి. అమ్మానాన్నలు గుంటూరు మిరప కోతలకు వలసపోయిన పిల్లవాడు ఆటలో జిల్లాకు ఎంపికైతే, బస్సు చార్జీతో పాటు పోయిన కూలికి సరిపడా భత్యం ఇవ్వాలి. గని కార్మికులు 1893లో అడిగింది ఇదే.

ఇక తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక మాట. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటివాణ్ణి నేను. కాబట్టి చదువు విలువ తక్కువ చేసి చెప్పను. ఆటగాడి జీవితం ముప్పై అయిదు దాటేసరికి దాదాపు ముగుస్తుంది. ఆ తర్వాత అంతకంటే పొడవైన జీవితం మిగులుతుంది. బయట ఇంకో పని ఉండాలన్న ఆ పాత షరతులో మనకు పనికొచ్చే తెలివి ఉంది. మన రాష్ట్రం 2024 క్రీడా విధానంలో ఉద్యోగాల క్రీడా కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది. 2025 మెగా డీఎస్సీలో ఆ కోటా కింద టీచరు పోస్టులు ఇచ్చారు. కానీ ఆ పోస్టుకు పతకంతో పాటు టీచరు చదువు కూడా ఉండాలి. మైదానంలో సంపాదించిన సర్టిఫికెట్టు, తరగతిలో సంపాదించిన సర్టిఫికెట్టు రెండూ ఒకే ట్రంకు పెట్టెలో ఉండాలి.

పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు కూడా ఒక మనవి. వార్షికోత్సవానికి వచ్చినప్పుడు శాలువాలు, మెమెంటోలు మనకు చాలు. మన పాత హాస్టలుకు ఒక కబడ్డీ మ్యాట్ ఇప్పించండి. దాని మీద కూతకు వెళ్ళే పిల్లలు తప్పకుండా వస్తారు.