మనిషిని తూచి టికెట్ ఇవ్వవచ్చునా?

అరకు సంతలో చింతపండును, పసుపును తూచి ధర కడతారు. మనిషిని కూడా అలాగే తూచిన విమాన సంస్థ ఒకటుండేది. పసిఫిక్ సముద్రంలోని సమోవా దేశపు సమోవా ఎయిర్ 2013లో ప్రయాణికుని బరువును, సామాను బరువును కలిపి, కిలోకింత అని ఛార్జీ వసూలు చేసింది.

ఇందులో సైన్సు లేకపోలేదు. విమానం బరువెక్కితే రెక్కలు అంత ఎక్కువ బలంతో పైకెత్తాలి. గాలి నిరోధం పెరిగి ఇంధనం ఎక్కువ కాలుతుంది. అయితే ఎంత ఎక్కువ? 50 కిలోల మనిషికీ, 90 కిలోల మనిషికీ తేడా 40 కిలోలు. ఆ సంస్థ నడిపిన ఐలాండర్ వంటి చిన్న విమానం నిండు బరువు సుమారు 3,000 కిలోలు. అందులో 40 అంటే నూటికి ఒకటికి పైమాటే. విశాఖపట్నంలో దిగే ఎయిర్‌బస్ ఎ-320 నిండు బరువు 70 టన్నులకు పైనే. అందులో అది వెయ్యింట ఒక వంతయినా కాదు.

చిన్న విమానంలో మనుషుల్ని తూచవలసిందే. ముందువెనుకల తూకం చెడితే ప్రమాదం. తూచి సీటు మార్చండి, డబ్బెందుకు? సామానుకు తీసుకోవడం లేదా అంటారు. సామానును ఇంట్లో వదిలి రావచ్చు, ఎముకలను వదిలి రాగలమా? పొడగరి చేసిన నేరమేమిటి?

రోడ్డులేని మన కొండ గూడేలనుంచి రోగిని డోలీలో మోసుకొస్తారు. ప్రతి కిలో భుజానికి తెలుస్తుంది. రోగి లావైతే ఇంకో ఇద్దరు వంతులు పంచుకుంటారు. ఎ-320లో 180 మంది దాకా పడతారు. ఆ 40 కిలోలను వారంతా పంచుకుంటే తలకు పావు కిలో కూడా రాదు.