కల్పితకథయు క్రీస్తుపాటయు

"కల్పితకథనుండి క్రీస్తుపాట పుట్టవచ్చునా?" యని కొందఱు తల్లిదండ్రులు మమ్ము నడుగుచున్నారు. పుట్టవచ్చుననియే మా యభిప్రాయము. సి. యస్. లూయిస్ 1950లో ప్రకటించిన నార్నియా కథయందు, తోబుట్టువులకు ద్రోహము చేసిన బాలునికై సింహము ప్రాణమిచ్చి మరల లేచును. క్రైస్తవగాయకులు దీని నాధారముగాఁ గొని 1980లో ‘ది రోర్ ఆఫ్ లవ్’ సంపుటమును, 2005లో చలనచిత్రము వెలువడినపుడు మఱికొన్ని పాప్, రాక్ పాటలను పాడిరి. ఆ వాద్యఘోషకు వెఱవనేల? పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) కర్ణాటక రాగములలోనే క్రీస్తును కీర్తింపలేదా? కడవ యేదైనను నీరు నీరే గదా!

అయితే విద్యార్థులారా, పరదేశపు పాటల ననుకరించుటతోనే తృప్తి నొందకుడు. మన కడప, కర్నూలు పల్లెలలో చెక్కభజన యున్నది. ఆ సింహము కథను మన తాళమునకుఁ గూర్చి పాడుడు. అప్పుడు చదువెఱుగని మీ అవ్వకును అది బోధపడును.