మడమశూలకు షాక్‌వేవ్ వైద్యం: ఎవరికి? ఎప్పుడు?

రాత్రి హాయిగా నిద్రపోయి, పొద్దున్నే మంచం దిగి కాలు నేలమీద పెట్టగానే మడమలో మేకు దిగినట్టు పోటు. గోడ పట్టుకుని నాలుగడుగులు కుంటుకుంటూ వేసేసరికి కాస్త సర్దుకుంటుంది. పనుల్లో పడితే మరిచిపోతారు. మధ్యాహ్నం కాసేపు కూర్చుని లేవబోతే మళ్ళీ అదే పోటు. దీనినే మడమశూల అంటారు. వంటింట్లో గట్టి బండల మీద గంటల తరబడి నిలబడే గృహిణులకు, నిలబడి పాఠాలు చెప్పే టీచర్లకు, బస్సు కండక్టర్లకు, బట్టల షాపుల్లో పనిచేసేవారికి, నలభై దాటి కాస్త ఒళ్ళు చేసినవారికి ఇది ఎక్కువగా వస్తుంది.

ఇలాంటి నొప్పితో బాధపడేవారికి ఈ రోజుల్లో ఎవరో ఒకరు చెప్పే సలహా ఒకటుంది: "షాక్‌వేవ్ పెట్టించుకోండి, మూడు సిట్టింగుల్లో పోతుంది." ఆ మాటలో నిజం ఎంత? డబ్బు కట్టేముందు మీరు తెలుసుకోవలసినదేమిటి?

నొప్పి ఎక్కడిది?

అరికాలి కింద, మడమ ఎముక నుంచి కాలివేళ్ళ మొదళ్ళదాకా ఒక దళసరి పట్టీ ఉంటుంది. దీనిని డాక్టర్లు ప్లాంటార్ ఫేషియా అంటారు. వింటికి నారి ఎలాంటిదో పాదం వంపుకి ఇది అలాంటిది. అడుగు వేసినప్పుడల్లా బిగిసి ఆ వంపుని నిలబెడుతుంది. రోజూ శక్తికి మించి లాగుడు పడితే, ఈ పట్టీ మడమ ఎముకకు అతుక్కునే చోట సన్నటి చిరుగులు పడతాయి. శరీరం వాటిని ఎప్పటికప్పుడు బాగుచేసుకుంటూనే ఉంటుంది. కాని చిరిగే వేగం ఎక్కువై, అతుక్కునే వేగం తక్కువైతే లోపలి పోగులు పాత నులకమంచంలా సడలి, చిక్కుపడిపోతాయి.

టెన్నిస్ ఎల్బో అనే మోచేతి నొప్పి, చెయ్యి పైకెత్తితే వచ్చే కొన్ని రకాల భుజం నొప్పులు, మడమ వెనుక లావుపాటి 'నరం' నొప్పి, ఇవన్నీ ఇదే కోవకు చెందినవి. నిజానికి అది నరం కాదు. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడు. డాక్టర్లు టెండన్ అంటారు.

ఇక్కడ ముఖ్యంగా గమనించవలసిన విషయం ఒకటుంది. నెలల తరబడి సాగుతున్న ఇలాంటి నొప్పిలో వాపు పాత్ర తక్కువ, పోగుల అరుగుదల పాత్ర ఎక్కువ. అందుకే నొప్పి మాత్రలు వేసుకున్నన్నాళ్ళే పనిచేస్తాయి. మానెయ్యగానే నొప్పి తిరిగొస్తుంది. ఏళ్ళ తరబడి మింగితే కడుపులో పుండ్లు, మూత్రపిండాలకు చెరుపు కలిగే ప్రమాదం ఉంది.

ఎక్స్‌రే తీయిస్తే మడమ ఎముకకు ముల్లులాంటి పెరుగుదల కనిపించవచ్చు. "ముల్లు పెరిగిందట!" అని బెంబేలు పడకండి. ఏ నొప్పీ లేని చాలామంది మడమల్లో కూడా ఆ ముల్లు ఉంటుంది. దాన్ని కోసి తీసెయ్యవలసిన అవసరం సాధారణంగా రాదు.

షాక్ అంటే కరెంటు కాదు

షాక్‌వేవ్ అనగానే కరెంటు షాక్ ఇస్తారేమోనని భయపడేవారున్నారు. ఇందులో ఒంట్లోకి కరెంటు వెళ్ళదు. ఫిజియోథెరపీ గదిలో 'కరెంటు పెట్టడం' వేరు, అల్ట్రాసౌండ్ పెట్టడం వేరు, ఇది వేరు. ఇది శబ్ద తరంగాల వైద్యం. బాణసంచా పేలినప్పుడు గుండెల మీద ఒక తోపు తోసినట్టు అనిపిస్తుంది కదా, అది గాలిలో వచ్చే పీడన తరంగం. అలాంటి దెబ్బలనే చిన్నవిగా చేసి, నొప్పి ఉన్న చోటికి పంపుతారు.

దీని పుట్టుక వింతగా ఉంటుంది. జర్మనీలోని డోర్నియర్ అనే విమానాల కంపెనీ, ధ్వనికంటె వేగంగా ఎగిరే విమానాలకు వాన చినుకులు తగిలితే లోహం ఎందుకు దెబ్బతింటున్నదో పరిశోధించింది. ఆ పరిశోధనలోంచి, ఒంటిని కోయకుండా తరంగాలతో లోపలి రాళ్ళను పగలగొట్టవచ్చునన్న ఆలోచన వచ్చింది. 1980 ఫిబ్రవరిలో మ్యూనిక్ నగరంలో మొదటిసారిగా ఒక రోగి మూత్రపిండంలోని రాయిని ఈ పద్ధతిలో పగలగొట్టారు. 1991లో బల్గేరియా డాక్టర్లు అతుక్కోని ఎముకలకు దీన్ని వాడి ఫలితాలు ప్రకటించారు. 2000 సంవత్సరంలో అమెరికా ప్రభుత్వ మందుల సంస్థ మడమశూలకు ఇలాంటి యంత్రాన్ని మొదటిసారి అనుమతించింది.

యంత్రాలు రెండు రకాలు. ఒకటి తరంగాలను లోపల ఒక బిందువు దగ్గర కేంద్రీకరిస్తుంది. రెండవది, ఫిజియోథెరపీ సెంటర్లలో ఎక్కువగా కనిపించేది. అందులో గాలి ఒత్తిడితో ఒక చిన్న లోహపు ముక్క ముందుకు దూసుకువచ్చి, చర్మానికి ఆనించిన మొనను టకటకా కొడుతుంది. ఆ దెబ్బ చర్మం దగ్గర బలంగా ఉండి, లోపలికి పోయేకొద్దీ తగ్గుతుంది.

చికిత్స చేసేటప్పుడు మడమకు జెల్ రాసి, నొప్పి ఎక్కువగా ఉన్న చోట మొనను ఆనిస్తారు. ఒక సిట్టింగులో రెండు వేల దెబ్బల వరకు పడతాయి. పది పదిహేను నిమిషాల పని. మామూలుగా వారానికొకటి చొప్పున మూడు సిట్టింగులు. చేసేటప్పుడు నొప్పిగానే ఉంటుంది. ఓర్చుకోలేకపోతే చెప్పండి, జోరు తగ్గిస్తారు. తర్వాత ఒకటి రెండు రోజులు చర్మం ఎర్రబడటం, కాస్త కమిలినట్టుండటం మామూలే. ఆ దెబ్బలకు నొప్పిని మోసే నరాల కొసలు మొద్దుబారతాయనీ, కొత్త రక్తనాళాలు మొలిచి ఆగిపోయిన మరమ్మత్తు మళ్ళీ మొదలవుతుందనీ శాస్త్రజ్ఞుల అభిప్రాయం. అందుకే గుణం ఆ రోజే కనిపించదు. ఆరు నుంచి పన్నెండు వారాలు ఆగాలి.

నూటికి ఎందరికి?

ఈ వైద్యం మీద జరిగిన పరీక్షలు అన్నీ ఒకే మాట చెప్పలేదు. ఆస్ట్రేలియాలో 166 మంది మీద జరిపి 2002లో ప్రచురించిన పరీక్షలోనూ, జర్మనీలో 272 మంది మీద జరిపి 2003లో ప్రచురించిన పరీక్షలోనూ అసలు చికిత్సకూ ఉత్తుత్తి చికిత్సకూ తేడా కనిపించలేదు. ఉత్తుత్తి చికిత్స అంటే, యంత్రం చప్పుడు చేస్తుంది గాని, దెబ్బ మడమకు సరిగా చేరదు. రోగికి ఆ సంగతి తెలియదు.

2008లో ప్రచురించిన మరో పరీక్షలో, గాలి ఒత్తిడి యంత్రంతో 245 మందికి చికిత్స చేశారు. పన్నెండు వారాల తర్వాత అసలు చికిత్స పొందినవారిలో నూటికి 61 మందికి గుణం కనిపించింది. ఉత్తుత్తి చికిత్స పొందినవారిలోనూ నూటికి 42 మందికి గుణం కనిపించింది!

ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడండి. యంత్రం వల్ల అదనంగా బాగుపడినవారు నూటికి 19 మంది. అది తక్కువేమీ కాదు. ఏడాదిగా కుంటుతున్నవారికి ఆ అవకాశం విలువైనదే. కాని "నూటికి నూరు గ్యారంటీ" అన్న మాటకూ దీనికీ చాలా దూరం ఉంది. ఆ 42 మందిలో చాలామందికి కాలమే మందు అయి ఉండవచ్చు. మడమశూల ఎక్కువమందిలో ఏడాదిలోపు దానంతట అదే నెమ్మదిస్తుంది.

మిగతా నొప్పుల సంగతి? భుజంలో టెండన్ మీద సున్నం పేరుకున్నవారికి ఇది పనిచేస్తుందని జర్మనీ, ఆస్ట్రియాలలో 144 మంది మీద జరిపి 2003లో ప్రచురించిన పరీక్ష చూపింది. కాని తర్వాత, భుజం పరీక్షలనెన్నిటినో కలిపి 2020లో చేసిన సమీక్షలో లాభం చాలా తక్కువేనని తేలింది. టెన్నిస్ ఎల్బోకు చెప్పుకోదగ్గ లాభం లేదని 2005లోనే ఒక సమీక్ష తేల్చింది. అన్ని నొప్పులకూ ఒకే యంత్రం పనిచేస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి.

ముందు ఇవి చేయండి

యంత్రం దగ్గరికి వెళ్ళేముందు కనీసం మూడు నెలలు ఇంట్లో చేయవలసినవి ఉన్నాయి. వీటికి పెద్దగా ఖర్చు లేదు.

మొదటిది: నిద్ర లేవగానే, కాలు కింద పెట్టకముందే, మంచం మీద కూర్చుని నొప్పి ఉన్న పాదాన్ని రెండో మోకాలి మీద పెట్టుకోండి. కాలివేళ్ళను చేత్తో పట్టుకుని మీ వైపుకి వెనక్కి లాగండి. రెండో చేత్తో అరికాలు తడిమితే పట్టీ తాడులా బిగిసినట్టు తెలియాలి. పది అంకెలు లెక్కపెట్టి వదలండి. ఇలా పదిసార్లు. రోజుకు మూడు పూటలా చేయండి.

రెండవది: మెట్టు అంచున నిలబడి, వేళ్ళ కింద మడిచిన తువ్వాలు పెట్టుకుని, పక్కన గోడో కమ్మీయో పట్టుకోండి. మూడు అంకెలు లెక్కపెడుతూ మడమ పైకి లేపండి. రెండు అంకెలు అలాగే ఆగండి. మూడు అంకెలు లెక్కపెడుతూ కిందికి దించండి. పన్నెండుసార్లు, రోజు విడిచి రోజు. మొదట రెండు కాళ్ళ మీద చేసి, బలం వచ్చాక ఒంటికాలి మీద చేయండి. డెన్మార్క్‌లో 48 మంది మీద జరిపి 2014లో ప్రచురించిన పరీక్షలో, మూడు నెలలకు ఈ వ్యాయామం చేసినవారు, కేవలం సాగదీసుకున్నవారికంటె బాగా కోలుకున్నారు. కాస్త నొప్పి పుట్టినా ఫరవాలేదు. మర్నాటికి నొప్పి పెరిగితే మాత్రం తగ్గించండి.

మూడవది: గట్టి బండల మీద ఒట్టి కాళ్ళతో నిలబడకండి. "వంటింట్లోకి చెప్పులా?" అని పెద్దవాళ్ళు అభ్యంతరం చెప్పవచ్చు. గడప దాటని మెత్తటి చెప్పుల జత ఒకటి ఇంటికోసమే విడిగా ఉంచుకోండి. వారానికోసారి కడుక్కోండి. పెద్దవాళ్ళకూ నచ్చజెప్పవచ్చు. బరువు ఎక్కువగా ఉంటే తగ్గించుకోండి.

మడమలో స్టీరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాలు ఉపశమనం ఇస్తుంది. కాని పదేపదే తీసుకుంటే పట్టీ తెగిపోయే ప్రమాదం, మడమ కొవ్వు కరిగిపోయే ప్రమాదం ఉన్నాయి.

ఇవన్నీ మూడు నుంచి ఆరు నెలలు శ్రద్ధగా చేసినా గుణం లేకపోతే, అప్పుడు షాక్‌వేవ్ గురించి ఆలోచించండి. అప్పుడు కూడా వ్యాయామం మానకూడదు. యంత్రం మరమ్మత్తును మొదలుపెట్టవచ్చు. కొత్త పోగులకు బలం మాత్రం మీరు మోపే బరువు వల్లే వస్తుంది.

ఎవరు చేయించుకోకూడదు?

గర్భిణీ స్త్రీలు, రక్తం పలచబడే మందులు వాడేవారు, రక్తం గడ్డకట్టని జబ్బులున్నవారు, ఆ చోట చీము, పుండు లేదా కణితి ఉన్నవారు చేయించుకోకూడదు. ఎముకలు ఇంకా ఎదుగుతున్న పిల్లలకు చేయించకూడదు. పేస్‌మేకర్ ఉంటే ముందుగానే చెప్పండి. స్టీరాయిడ్ ఇంజెక్షన్ తీసుకుని ఆరు వారాలు దాటకపోతే ఆగండి.

కొన్ని నొప్పులకు ముందు డాక్టరుగారికి చూపించుకోవాలి. మధుమేహం ఉండి పాదాలు మంటలెత్తుతున్నా, తిమ్మిరెక్కుతున్నా అది నరాల జబ్బు కావచ్చు. యువకులకు రెండు మడమలూ నొప్పి పెడుతూ, పొద్దున్నే నడుము అరగంటకు పైగా బిగుసుకుపోతుంటే అది కీళ్ళవాతం కావచ్చు. మడమను రెండు పక్కలనుంచీ నొక్కితే ప్రాణం పోయినంత నొప్పి ఉంటే ఎముక చిట్లి ఉండవచ్చు. రాత్రిళ్ళు పడుకున్నా తగ్గని నొప్పి, జ్వరం, వాపు, ఇవేవీ షాక్‌వేవ్‌తో పోయేవి కావు. యంత్రం పెట్టించుకుంటూ కూర్చుంటే అసలు జబ్బు ముదురుతుంది.

డబ్బు కట్టేముందు

ఈ ప్రశ్నలు అడగడానికి మొహమాటపడకండి. నా నొప్పి ఏమిటో పరీక్ష చేసి నిర్ధారించిన డాక్టరు ఎవరు? మీ యంత్రం ఏ రకం? ఎన్ని సిట్టింగులు? మూడింటికి గుణం లేకపోతే ఏం చేస్తారు? వ్యాయామాలు నేర్పుతారా? పరీక్ష చెయ్యకుండానే పది పదిహేను సిట్టింగుల ప్యాకేజీ రాసి, డబ్బంతా ముందే కట్టమంటే, "ఇంట్లో అడిగి వస్తాను" అని చెప్పి లేచి వచ్చేయండి.

మడమశూల ప్రాణాంతకమైన జబ్బు కాదు, కాని మనిషిని ఇంట్లో కూర్చోబెడుతుంది. నడక తగ్గితే బరువు పెరుగుతుంది, బరువు పెరిగితే నొప్పి పెరుగుతుంది. ఆ చక్రాన్ని తెంచడం మీ చేతిలో పని. రేపు పొద్దున్నే, కాలు కింద పెట్టకముందే మొదలుపెట్టండి.