పసివాడి గౌను, పెద్దల నవ్వు

గత నెలలో బద్వేలులోని మా మక్తబ్‌కు ఒక తల్లి తన నాలుగేళ్ల కుమారుణ్ణి తీసుకువచ్చింది. పిల్లవాడి ఒంటిమీద పూల గౌను ఉంది. “ఉన్న ఒక్క అంగీ ఆరలేదు హజ్రత్, అక్కది తొడిగినాను” అన్నదామె. పిల్లలు ఘొల్లున నవ్వారు. మేమూ నవ్వు ఆపుకోలేకపోయాము. మరునాడు ఆ పసివాడు రాలేదు.

ఏది ఆడవారి దుస్తో, ఏది మగవారిదో చాలావరకు జనం వాడుకే నిర్ణయిస్తుంది. పందొమ్మిదవ శతాబ్దపు అమెరికాలో పసిపిల్లలందరికీ, ఆడ మగ తేడా లేకుండా, గౌన్లే తొడిగేవారు. గుడ్డలు మార్చడం సులువు. బిడ్డ ఎదిగేకొద్దీ అంచు మడత విప్పితే సరిపోయేది. కాస్త పెరిగిన మగపిల్లలకు కోటు, దాని కింద కుచ్చిళ్ల పావడా కలిపి సూటుగా కుట్టేవారు. ప్యాంటు ఆ తర్వాతే. 1882లో జన్మించి, అనంతరం ఆ దేశాధ్యక్షుడైన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ రెండేళ్ల వయసు ఫోటోలో పొడవాటి జుట్టుతో, తెల్లని పావడాతో కనిపిస్తారు. నాటివారికి అది వింత కాదు.

మన కాలపు వాడుక వేరు. స్త్రీలను అనుకరించే పురుషులను, పురుషులను అనుకరించే స్త్రీలను దైవప్రవక్త (స) శపించారని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖించిన హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. కనుక మగపిల్లలకు మగపిల్లల దుస్తులే అలవాటు చేయాలి. అయితే ఆ తల్లి చేసింది అనుకరణ కాదు, అవసరం.

మరొక మాట. మగపిల్లవాడికి పట్టు, బంగారం తొడిగితే దోషం తొడిగినవారిదేనని హనఫీ ధర్మవేత్తలు స్పష్టం చేశారు. పెండ్లిళ్లలో పసివాడి మెడలో బంగారు గొలుసు చూసి మనం “మాషా అల్లాహ్” అంటాము. పేదింటి నూలు గౌను చూసి నవ్వుతాము. ఒకరినొకరు ఎగతాళి చేయరాదన్న సూరా హుజురాత్ ఆదేశాన్ని ఏళ్లుగా బోధిస్తున్న మేమే ఆనాడు దానిని మరిచాము.

నాలుగో రోజున ఆ ఇంటికి వెళ్లాము. “తప్పు మాది, నాయనా” అని ఆ పసివాడితో చెప్పి, కుట్టించిన రెండు తెల్లని జుబ్బాలు వాడి చేతిలో పెట్టాము. వాటి అంచున నాలుగు వేళ్ల మడత ఉంచమని దర్జీకి ముందే చెప్పాము. బిడ్డ ఎదుగుతాడు, ఇన్‌షా అల్లాహ్.