గజం ధర వెనక భూమి చరిత్ర

హైదరాబాద్ శివార్లలోని మేడ్చల్, శామీర్‌పేటల్లో ఇంటి స్థలాల ధరను ముందుగా నిర్ణయించేవి రెండు రోడ్లు. మేడ్చల్ మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి నాగ్‌పూర్ వైపు పోతుంది, శామీర్‌పేట మీదుగా రాజీవ్ రహదారి కరీంనగర్‌కు పోతుంది. ఔటర్ రింగు రోడ్డు రెండింటినీ కలుపుతుంది. 2016 అక్టోబరులో మేడ్చల్ మల్కాజిగిరి జిల్లా ఏర్పడ్డాక కలెక్టరేట్ కూడా శామీర్‌పేట మండలంలోకే వచ్చింది.

రోడ్డు కంటే గట్టి ఆధారం ఉపాధి. 1999లో మొదలైన బయోటెక్ కేంద్రం జీనోమ్ వ్యాలీ తుర్కపల్లి చుట్టూ విస్తరించింది. నల్సార్, బిట్స్ విద్యాసంస్థలు ఆ దగ్గర్లోనే ఉన్నాయి. వీటిలో పనిచేసేవాళ్లకు ఇల్లు కావాలి, అద్దె వాళ్ల నుంచే వస్తుంది. మెట్రో సంగతి వేరు. సికింద్రాబాద్‌లోని ప్యారడైజ్ నుంచి మేడ్చల్‌కు, జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్) నుంచి శామీర్‌పేటకు మెట్రో వేస్తామని రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరి 1న ప్రకటించింది. ప్రకటన రాగానే అమ్మేవాళ్లు దాన్ని గజం ధరలో కలిపేస్తారు. రైలు మాత్రం అనుమతులు, అప్పులు, భూసేకరణ దాటుకుని రావాలి. ఆ ఆలస్యం ఖర్చంతా కొన్నవాళ్ల మీదే పడుతుంది.

ఖాళీ ప్లాటు అద్దె తేదు. 40 లక్షల దస్తావేజుకు స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి ఏడున్నర శాతం, అంటే 3 లక్షలు మొదటిరోజే పోతాయి. కట్టుబడిలో ఉన్న ఫ్లాటుకు మామూలుగా 5 శాతం జీఎస్టీ అదనం, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక కొంటే అది ఉండదు.

అసలు ప్రమాదం భూమి స్వభావంలో ఉంది. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన లావుణి పట్టా భూములను అమ్మడం, కొనడం 1977 నాటి చట్టం ప్రకారం చెల్లదు, ప్రభుత్వం వాటిని వెనక్కి తీసుకోవచ్చు. దేవాదాయ, వక్ఫ్ భూములకూ నిషేధిత జాబితా ఉంది. చెరువుల విషయం ఇంకా సున్నితం. శామీర్‌పేట పెద్దచెరువు లాంటి పెద్ద చెరువులకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటిమట్టం) గీత దాటి 30 మీటర్లు, 25 ఎకరాల లోపు వాటికి 9 మీటర్లు బఫర్. ఎండాకాలంలో చెరువులోని శిఖం భూమి మామూలు పొలంలాగే కనిపిస్తుంది కాబట్టి స్థలాన్ని వానాకాలం చివర చూడటం మేలు. 2024 జూలైలో చెరువుల ఆక్రమణలను కూల్చే హైడ్రా సంస్థ వచ్చాక, ఈ గీతలు తెలియక కొన్న కుటుంబాల బాధ నగరమంతా చూసింది.

లేఅవుట్‌కు నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ అనుమతి లేకపోతే, దాన్ని క్రమబద్ధీకరించుకునే ఎల్ఆర్ఎస్ తిప్పలు తప్పవు. 2020లో పెట్టుకున్న దరఖాస్తుల్లో చాలావాటికి 2025లో 25 శాతం రాయితీతో గానీ కదలిక రాలేదు. గుంటల లెక్కన అమ్మే ఫామ్ ప్లాట్లు ఇంకా అధ్వానం. గుంట అంటే 121 గజాలు, కానీ నాలా (వ్యవసాయేతర) మార్పిడి, లేఅవుట్ లేని ఆ 121 గజాల్లో ఇంటికి అనుమతి దొరకదు.

ప్రీలాంచ్ పేరుతో మొత్తం సొమ్ము ముందే కట్టించుకోవడం అన్నిటికంటే క్రూరం. రిటైరైనవాళ్ల జీవితకాలపు పొదుపు అందులోనే ఇరుక్కుంటోంది. 500 చదరపు మీటర్లు లేదా 8 యూనిట్లు దాటిన ప్రాజెక్టును స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరాలో నమోదు చేయకుండా అమ్మకూడదు. నమోదైనా సరే, రిజిస్టర్డ్ అగ్రిమెంటు లేకుండా పది శాతానికి మించి తీసుకోకూడదు. తక్కువ ధర ఆశతో కట్టిన ఆ సొమ్ము నిజానికి తాకట్టు లేకుండా బిల్డరుకు ఇచ్చిన అప్పు.

ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) శుభ్రంగా ఉందంటే సరిపోదు. అందులో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలే. తెలంగాణ పల్లెల్లో తెల్లకాగితం మీద రాసుకున్న సాదా బైనామాలు అందులోకి ఎక్కవు, కోర్టు కేసులూ చాలావరకు కనబడవు. పాత పహాణీలు (సాగు రికార్డులు) తీయించి, లింక్ డాక్యుమెంట్లను వకీలుకు చూపించి, ఆ పొలాన్ని ఇన్నేళ్లూ ఎవరు దున్నారో ఊళ్లో నలుగురిని అడిగాకే బయానా ఇవ్వాలి.